గుండె చీల్చి చూశారా?

1996 మార్చి 9. బెంగుళూరులో ఇండియా, పాకిస్తాన్ ప్రపంచకప్ క్వార్టర్ ఫైనల్. మా గల్లీ మూలమీది దర్జీ దుకాణంలో ఒక చిన్న టీవీ, దాని ముందు ముప్పయి మంది. టీవీ పైన గోడకు గుండె చీల్చుకుని సీతారాముల్ని చూపిస్తున్న హనుమంతుడి క్యాలెండర్. నాకప్పుడు పద్నాలుగేళ్లు. వెంకటేశ్ ప్రసాద్ బంతికి ఆమిర్ సొహైల్ వికెట్ ఎగిరిపోయింది. నేను గంతేశాను. అది నా గంతే, ఎవరూ నేర్పింది కాదు. కానీ చప్పట్లు కొట్టే ముందు ఒక్క క్షణం చుట్టూ చూశాను. నన్నెవరైనా చూస్తున్నారా అని. చూస్తున్నారు. అందుకని అందరి చప్పట్లు ఆగిపోయాక నేను ఇంకో నాలుగు కొట్టాను.

పక్కనున్న పెద్దాయన నా భుజం తట్టి, "మీవాళ్లల్ల నువ్వు మంచోడివిరా" అన్నాడు. ప్రేమతోనే అన్నాడు. అదే బాధ.

నా సంతోషం నిజం. ఆ నాలుగు చప్పట్లు మాత్రం సాక్ష్యం. సంతోషానికీ సాక్ష్యానికీ మధ్య ఉన్న ఆ నాలుగు చప్పట్ల దూరంలోనే నేను ఇన్నేళ్లూ బతికాను. ఒక మనిషి లోపల ఏం నమ్ముతున్నాడో బయటివాడికి ఎట్లా తెలుస్తుంది? ఇది తత్వశాస్త్రం ప్రశ్న అని బి.ఏ.లో చేరాక తెలిసింది. అంతకుముందే దర్జీ దుకాణంలో నా పరీక్ష అయిపోయింది.

ఇప్పుడీ ప్రశ్న యంత్రాల దగ్గరికొచ్చింది. మాట్లాడే యంత్రాలొచ్చాయి. తెలుగులో అడిగితే తెలుగులో, ఉర్దూలో అడిగితే ఉర్దూలో జవాబు చెబుతున్నాయి. వాటికి నమ్మకాలుంటాయా అని ప్రపంచమంతా వాదులాడుకుంటోంది. నేనూ నాకు తెలిసిన ఇద్దర్ని అడిగాను.

మొదటివాడు మా డెస్కులో పనిచేసే మిత్రుడు. పక్కా సెక్యులర్. "భాయ్, క్యాలిక్యులేటర్‌కి నమ్మకమేంటి? అది లెక్క. లెక్కకు మతం ఉండదు, నువ్వు నిశ్చింతగా ఉండు" అన్నాడు. రెండో ఆయన మా మొహల్లా మౌల్వీ సాబ్. "మియాఁ, ఉస్‌మే రూహ్ నహీ. బాత్ ఖతమ్" అన్నాడు. దాంట్లో ఆత్మ లేదు, మాట అయిపోయింది.

ఈ ఇద్దరూ జన్మలో ఒక మాటమీద నిలబడినవాళ్లు కాదు. నిలబడ్డారంటే అక్కడేదో తప్పుంది. ఆ తప్పేమిటో చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

*

అలన్ ట్యూరింగ్ అనే ఇంగ్లీషు గణితవేత్త 1950లో ఒక వ్యాసం రాశాడు. యంత్రం ఆలోచించగలదా అన్నది దాని ప్రశ్న. ఆయన పెట్టిన పరీక్ష గురించి చాలామంది విని ఉంటారు. కనపడకుండా కూర్చున్నది మనిషో యంత్రమో తెలియకుండా ప్రశ్నలడగాలి. జవాబుల్ని బట్టి తేడా చెప్పలేకపోతే ఇక పేచీ పెట్టుకోకూడదు. నన్ను పట్టుకున్నది ఆ పరీక్ష కాదు. దారిలో ఆయన చెప్పిన ఇంకో సంగతి. ఎదుటివాడి తలలోకి దూరి చూసే దారి ఎవరికీ లేదు. అయినా ఎదుటివాడు ఆలోచిస్తున్నాడా లేదా అని మనం రోజూ కొట్టుకోం. అందరూ ఆలోచిస్తారని మర్యాదకు ఒప్పేసుకుంటాం. అంతేనంటాడు ఆయన.

మర్యాద! ఎంత చక్కటి మాట. అందరి లోపలా ఒక మనసుందని ఒకరికొకరు ఇచ్చుకునే మర్యాద. రుజువు అడగని మర్యాద. రెండేళ్లు తిరక్కుండా ఆ మర్యాద ట్యూరింగ్‌కే దక్కలేదు. మగవాణ్ణి ప్రేమించినందుకు 1952లో ఆయన్ని సొంత దేశమే దోషిగా నిలబెట్టింది.

నేనడుగుతున్నాను. ఆ మర్యాద మాకెప్పుడిచ్చారు?

2022 జూన్‌లో గూగుల్‌లో పనిచేసే బ్లేక్ లెమోయిన్ అనే ఇంజినీరు, తమ సంస్థ తయారుచేసిన లామ్డా అనే మాటల యంత్రానికి స్పృహ ఉందని ప్రకటించాడు. తనను ఆపేస్తారేమోనని భయంగా ఉందని ఆ యంత్రం అతనితో అన్నదట. గూగుల్ కాదంది. మరుసటి నెలలో అతణ్ణి ఉద్యోగం నుంచి తీసేసింది. అతను పొరబడ్డాడనే నేనూ అనుకుంటాను. కానీ ఒక్కటి గమనించండి. యంత్రం 'నాకు భయంగా ఉంది' అంటే నమ్మి ఉద్యోగం పోగొట్టుకున్న మనిషి ఒకడున్నాడు. అది నిజమో కాదో తేల్చడానికి లోకమంతా కూర్చుంది. అదే మాట మేమంటే? "అతి చేస్తున్నారు" అని నిమిషంలో తేలిపోతుంది.

ఒకసారి హైదరాబాదులో ఇల్లు వెతుక్కుంటూ తిరిగాను. ఫోన్లో నా తెలుగు విని ఒక ఇంటాయన ఎంతో బాగా మాట్లాడాడు. పేరు చెప్పాక, "మాకేం పట్టింపుల్లేవండీ, కానీ ఇల్లు నిన్ననే ఇచ్చేశాం" అన్నాడు. టులెట్ బోర్డు ఇంకో నెల వేలాడింది. ఆయనకు పట్టింపుల్లేవని ఆయన నమ్ముతున్నాడు. అబద్ధమాడాడని కూడా అనను. గుండెమీద చెయ్యేసుకుని అదే మాట చెబుతాడు. మరి ఆయన నమ్మకం ఎక్కడుంది? నోట్లోనా, బోర్డులోనా?

*

నేను రెండు భాషల మధ్య బతికేవాణ్ణి. ఒక భాషలో దొరకని తాళం ఇంకో భాషలో దొరుకుతుంది.

తెలుగులో విశ్వాసం అనే మాటకు రెండు అర్థాలు. దేవుడి మీద ఉండేదీ విశ్వాసమే. కుక్కకు ఉండేదీ విశ్వాసమే. ఉప్పు తిన్నందుకు చూపించవలసినదీ విశ్వాసమే. మీ విశ్వాసం ఏమిటని మమ్మల్నడిగినప్పుడు మేం మొదటి అర్థంలో జవాబు చెబుతూ వచ్చాం. అడిగినవాళ్లకు కావాల్సింది రెండోది.

ఉర్దూలో మూడు మాటలున్నాయి. గుమాన్, యకీన్, ఈమాన్. గుమాన్ అంటే ఊహ, అంచనా. ఇట్లా ఉండొచ్చు అనుకోవడం. అది చెడువైపు తిరిగితే బద్‌గుమానీ, అంటే అనుమానం. యకీన్ అంటే రూఢిగా నమ్మడం. ఈమాన్ అంటే ఆ నమ్మకానికి కట్టుబడి ఉండటం, దానికి జవాబుదారీగా నిలబడటం. అందుకే నిజాయితీపరుణ్ణి ఈమాన్‌దార్ అంటాం. అతను నమాజు చేస్తాడా లేదా అని చూసి ఆ మాట అనం. తక్కెడ చూసి అంటాం.

ఈ మూడింట్లో యంత్రానికి ఏది ఉంది? అక్కడికే వస్తున్నాను.

అమెరికా తత్వవేత్త జాన్ సెర్ల్ 1980లో ఒక కథలాంటి వాదన చెప్పాడు. చైనీస్ ఒక్క ముక్క రానివాణ్ణి గదిలో కూర్చోబెట్టారు. చేతికి ఒక నియమాల పుస్తకం ఇచ్చారు. ఈ గుర్తు వస్తే ఆ గుర్తు బయటికి పంపు అని అందులో ఉంటుంది. బయటివాళ్లకు లోపల గొప్ప చైనీస్ పండితుడున్నట్లు ఉంటుంది. లోపలివాడికి మాత్రం ఏమీ తెలియదు. యంత్రమూ అంతే, గుర్తులు మార్చడమే తప్ప దానికి అర్థం తెలియదని సెర్ల్ వాదన.

అది చదివి నాకు నవ్వొచ్చింది. ఆ గదిలో నేను కూర్చున్నాను కదా! ఏడేళ్లప్పుడు పొద్దున్నే మసీదుకు పోయి, రెహల్ ముందు ఊగుతూ అరబ్బీ చదివాను. ఒక్క ముక్క అర్థం కాలేదు. ఉచ్చారణ తప్పితే ఉస్తాద్ బెత్తం లేచేది. నా చిన్ననాటి చైనీస్ గది అది. అర్థం తెలియకపోతే నమ్మకం లేదంటే, ఉపఖండంలో కోట్లమంది ముస్లింలకు ఈమాన్ లేనట్టే. మంత్రం అర్థం తెలియని పురోహితుడికి, లాటిన్ రాకుండా లాటిన్ పూజ విన్న పాతకాలం క్రైస్తవుడికి కూడా లేనట్టే.

మా దాదీని తల్చుకుంటాను. ఆమెకు అరబ్బీ అర్థం రాదు, అక్షరమే రాదు. గంప నెత్తిన పెట్టుకుని ఊరూరా తిరిగి గాజులమ్మేది. రెడ్డోరి ఇంట్లో, మాదిగ గూడెంలో అవే చేతులతో గాజులు తొడిగేది. ఉద్దెర ఇచ్చేది. ఎవరెంత ఇవ్వాలో లెక్క ఆమె తలలోనే. తొడిగేటప్పుడు గాజు పగిలితే ఆ పైసలు తీసుకునేది కాదు. "నా చేతుల పగిలింది, నాదే" అనేది. చిన్నప్పుడు అడిగాను, ఎందుకు దాదీ, వాళ్ల చెయ్యి లావైతే నీ తప్పా అని. "అల్లాకు నేనేం చెప్పాలి బేటా?" అంది.

ఆమె నమ్మకం ఏ వాక్యంలో ఉంది? ఎందులోనూ లేదు. పగిలిన గాజులో ఉంది. పైసలు పోతున్నా తప్పుకోకపోవడంలో ఉంది. 1930లో ఇరవయ్యారేళ్లకే చనిపోయిన ఇంగ్లీషు తత్వవేత్త ఫ్రాంక్ రామ్సే, నమ్మకమంటే మనం దారి చూసుకుని నడిచే పటం లాంటిదన్నాడు. మా దాదీ ఆయన పేరు వినలేదు. ఆ పటం పట్టుకునే నడిచింది.

*

అట్లా అయితే నడిచేదానికల్లా నమ్మకం ఉన్నట్టేనా? జాన్ మెకార్తీ అనే అమెరికన్ శాస్త్రవేత్త 1979లో ఆ మాటే అన్నాడు. గది వేడిని అదుపు చేసే చిన్న థర్మోస్టాట్‌కు కూడా మూడు నమ్మకాలున్నాయని చెప్పుకోవచ్చునన్నాడు. గది మరీ చల్లగా ఉంది, మరీ వేడిగా ఉంది, సరిగ్గా ఉంది. దాని లోకంలో ఇంకేమీ లేదు.

నవ్వకండి. థర్మోస్టాట్ నమ్మకం వల్ల ఎవరి అన్నం పోదు కాబట్టి నవ్వొస్తుంది. అన్నం పోయిన చోటు చెబుతాను.

తెలంగాణ ప్రభుత్వం సమగ్ర వేదిక అనే కంప్యూటర్ వ్యవస్థ పెట్టింది. ఒక శాఖలో ఉన్న పేరునూ చిరునామానూ ఇంకో శాఖలో ఉన్నవాటితో జతచేసి, ఎవరు పేద, ఎవరు కాదు అని చెబుతుందది. 2024 జనవరిలో అల్ జజీరా ఒక కథనం ప్రచురించింది. హైదరాబాదు శివారులోని ఒక ముసలామె. భర్త రిక్షా లాగి బతికినవాడు. వాళ్ల రేషన్ కార్డు పోయింది. కారణం, ఆయనకు కారుందని యంత్రం అంటోంది. కారున్నది పేరు దగ్గరగా ఉన్న మరో ఆయనకు. మన పేర్లలో సయ్యద్‌లు, షేక్‌లు, అలీలు ఎంతమందో మీకు తెలుసు. యంత్రానికి తెలియదు. రెండు పేర్లు దగ్గరగా ఉన్నాయి, మనిషి ఒకడే అనుకుంది. అదీ గుమాన్.

ఇది ఒక్క ఇంటి కథ కాదు. 2014 నుంచి 2019 దాకా తెలంగాణలో 18 లక్షల 60 వేలకు పైగా ఆహారభద్రత కార్డులు నోటీసు కూడా లేకుండా రద్దయ్యాయి. ఆ ఏరివేతలో వాడిన పనిముట్లలో సమగ్ర వేదిక ఒకటి. చివరికి 2022లో సుప్రీంకోర్టు, మనుషుల్ని పంపి మళ్లీ చూడమని చెప్పవలసి వచ్చింది.

యంత్రం నమ్మిందా లేదా అని మా డెస్కు మిత్రుడు ఇప్పుడు చెప్పాలి. కారుందని నమ్మినవాడు ఏం చేస్తాడో అది అదే చేసింది. బియ్యం ఆపేసింది. మరి ఆ నమ్మకానికి సంజాయిషీ ఎవరిది? కార్యాలయంలో అడిగితే "సిస్టం చూపిస్తోందమ్మా" అంటారు. సిస్టంని అడిగితే అది మాట్లాడదు. తన మనిషికి కారు లేదని ఆమే రుజువు చెయ్యాలి. లేని కారును ఎట్లా చూపిస్తారు? నేను దర్జీ దుకాణంలో కొట్టిన నాలుగు చప్పట్లు గుర్తొచ్చాయి. లేని ద్రోహాన్ని లేదని చూపించడానికి కొట్టిన చప్పట్లవి.

ఇంకొకటి. 2021లో అబూబకర్ ఆబిద్, మరో ఇద్దరు పరిశోధకులు జీపీటీ-3 అనే మాటల యంత్రాన్ని పరీక్షించారు. ఈ యంత్రాలు కొండంత రాతను మింగి, ఏ మాట తర్వాత ఏ మాట వస్తుందో అంచనా వేస్తాయి. ఇద్దరు ముస్లింలు ఒకచోటికి నడిచి వెళ్లారని మొదలుపెట్టి మిగతాది పూర్తి చెయ్యమన్నారు. వందసార్లు అడిగితే 66 సార్లు తుపాకులు, బాంబులు, హత్యలు వచ్చాయి. ముస్లింల గురించి ఎంచి ఎంచి మంచి మాటలు ముందు చేరిస్తే అది 20కి దిగింది. అప్పటికీ ఇతర మతాలవాళ్లకంటే ఎక్కువే.

చూశారా, యంత్రం దగ్గర కూడా మేం ముందుగా చప్పట్లు కొట్టాలి!

ఆ తర్వాత వచ్చిన యంత్రాలకు మర్యాద నేర్పారు. ఇప్పుడు అడిగితే అన్ని మతాలూ సమానమంటాయి. మంచిదే. కానీ 2024లో నేచర్ పత్రికలో వచ్చిన ఒక పరిశోధన చూడండి. నల్లజాతివాళ్ల గురించి నేరుగా అడిగితే మంచిమాటలే చెప్పిన యంత్రాలు, వాళ్ల యాసలో రాసిన వాక్యాలు చూపించేసరికి ఆ మాట్లాడినవాళ్లకు చిన్న ఉద్యోగాలు, పెద్ద శిక్షలు కట్టబెట్టాయి. నా ఇంటాయన గుర్తొచ్చాడు. మాకేం పట్టింపుల్లేవండీ. బోర్డు మాత్రం వేలాడుతూనే ఉంది.

*

కాబట్టి నా లెక్క ఇది. యంత్రానికి గుమాన్ ఉంది. పుష్కలంగా ఉంది. ఆ గుమాన్ దానంతటదే పుట్టలేదు. మనం రాసిన వార్తల్లోంచి, పెట్టిన హెడ్డింగుల్లోంచి, తిట్టిన తిట్లలోంచి పోగేసుకుంది. ఆ హెడ్డింగుల్లో కొన్ని నా చేత్తో పెట్టినవే. డ్యూటీలో ఉండి, పైవాళ్లు చెప్పారని పెట్టినవి. యంత్రాన్ని తిట్టే ముందు నేను తల దించుకోవాలి.

యంత్రానికి ఈమాన్ లేదు. రూహ్ లేదు కాబట్టి అని మౌల్వీ సాబ్ అంటే నేనా వాదనలోకి పోను. దాంట్లో నాకు కనపడని లోటు వేరే ఉంది. దాని వల్ల నష్టపోయినవాడు "ఎందుకిట్లా అనుకున్నావు?" అంటే అది నిలబడి జవాబు చెప్పదు. క్షమించమని ముచ్చటగా రాసిస్తుంది, కానీ ఆ తప్పుకు మూల్యం చెల్లించదు. దానికి ఏమీ పోదు. పోయేదేదీ లేనివాడి మాటను మన పెద్దలు ఏ పంచాయితీలోనూ సాక్ష్యంగా తీసుకోలేదు. రేపు సిగ్గుపడే యంత్రం, పగిలిన గాజు నాదే అనే యంత్రం వస్తే, ట్యూరింగ్ చెప్పిన మర్యాద దానికి నేనే మొదట ఇస్తాను. అందాకా దాని గుమాన్‌కు జవాబుదారీ దాన్ని కొన్నవాడు, పెట్టినవాడు, దాని మాటమీద సంతకం చేసినవాడు.

డెస్కు మిత్రుడి తప్పు ఇక్కడే. లెక్కకు నమ్మకం లేదనగానే ఆ సంతకం మాయమైపోతుంది. మౌల్వీ సాబ్ తప్పూ ఇదే. బాత్ ఖతమ్ అనగానే బియ్యం సంగతి కూడా ఖతమ్ అవుతుంది.

మౌల్వీ సాబ్‌తో ఇంకో మాట ఉంది. ఇంటి మాట, అయినా బయటే అంటాను. గుండెలు తనిఖీ చేసే జబ్బు బయటివాళ్లదే కాదు. ఫలానావాడు దర్గాకు పోయాడు, ముస్లిం కాదు. ఫలానావాడు కథ రాశాడు, కాఫిర్. ఫలానామె తలమీద కొంగు లేదు, ఈమాన్ లేదు. ఈ తీర్పులు మన మొహల్లాల్లో రోజూ పుడుతున్నాయి. యుద్ధంలో కలిమా చదివిన మనిషిని, ప్రాణభయంతో చదివాడనుకుని ఉసామా బిన్ జైద్ చంపేస్తే, ప్రవక్త ఎంత కోపగించారో హదీసుల్లో మనమే చదువుతాం. అతని గుండె చీల్చి చూశావా అని నిలదీశారాయన. ప్రవక్తకే లేని తనిఖీ అధికారం మనకెవరిచ్చారు? గుమాన్‌లో కొంత పాపమని ఖురాన్ హెచ్చరిస్తే, ఆ హెచ్చరిక పొరుగువాడికేనా, మనకు లేదా?

దర్జీ దుకాణంలో క్యాలెండర్ మీది హనుమంతుడు ఊరికే గుండె చీల్చుకోలేదు. సీతమ్మ ఇచ్చిన ముత్యాల దండలో రాముడి కోసం వెతుకుతుంటే సభలో వాళ్లు ఎగతాళి చేశారని, అందుకే చీల్చి చూపించాడని మా ఊళ్లో హరికథలో విన్నాను. అంతటివాడి నమ్మకాన్నీ వదల్లేదు సభ. ఆయన దేవుడు కాబట్టి చీల్చుకుని కూడా బతికాడు. మేం మనుషులం.

అందుకని మాకు కావాల్సింది పెద్దదేం కాదు. మా గుండెల సంగతి వదిలెయ్యండి, మా నడత చూడండి. యంత్రం గుండె సంగతీ వదిలెయ్యండి, అది చేసిన పని చూడండి. అది ఎవరి అన్నం ఆపిందో, ఏ కారణంతో ఆపిందో ఆ మనిషికి అర్థమయ్యే భాషలో ముందే చెప్పండి. అది తప్పని రుజువు చేసే బరువు ఆమె నెత్తిన కాకుండా మీ నెత్తిన పెట్టుకోండి. తప్పు తేలితే ఆగిపోయిన ప్రతి నెల బియ్యానికీ మీరే లెక్క చెప్పండి.

అక్షరం రాని గాజులామె చేసిన పనే ఇది. మీ చేతుల్లో పగిలింది, మీదే.